బంతి వెంట వెళ్లిన చూపు

బావ పోయిన పదహారో రోజున అక్క నన్ను ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. అప్పుడు ఆమె చేతిలో ఒక ప్లాస్టిక్ ఫైలు ఉంది.

"నీకు తెల్సా, తెలీదా. అది సెప్పు."

"తెలీదక్కా" అన్నాను.

ఆమె నా మొహంలోకి కాసేపు చూసింది. ఫైలు మూసి లోపలికి వెళ్లిపోయింది. తర్వాత ఇరవై రోజులు నాతో మాట్లాడలేదు. నేను చెప్పింది అబద్ధం కాదు. పూర్తిగా నిజమూ కాదు.

ఆ ఫైలులో ఉన్నవి విశాఖపట్నంలోని ఒక కంటి ఆస్పత్రి కాగితాలు. మూడేళ్ల కిందటివి. షుగరు వల్ల బావ రెండు కళ్లలోనూ వెనక పొర మధ్యభాగం దెబ్బతిన్నదని వాటిలో ఉంది. సూటిగా చూసినచోట చూపు ఆనదని, పక్కలు మాత్రం కనిపిస్తాయని, బండి నడపకూడదని రాశారు. కంట్లోకి ఇంజక్షన్లు వేయించుకోవాలన్నారు. రెండు వేయించుకున్నట్టు ఉంది. మూడోదానికి రమ్మన్న తేదీ ఉంది. వెళ్లినట్టు లేదు. పింఛను పని మీద విశాఖపట్నం వెళ్తున్నానని బావ అక్కతో చెప్పిన రోజులవి.

మూడేళ్లు. ఆ మూడేళ్లూ నేను ఆదివారం తప్ప ప్రతి సాయంత్రం ఆయన ఎదురుగా నిలబడి బంతులాట ఆడాను.

బావ పోయింది పట్టపగలు. రాజాం అవతల ఉన్న వాళ్ల ఊరికి నెలకోసారి స్కూటరు మీద వెళ్లేవాడు. కౌలుకిచ్చిన పొలం ఒకటి ఉంది అక్కడ. ఆ రోజు మధ్యాహ్నం మూడు గంటలప్పుడు, ధాన్యం బస్తాలు వేసిన ట్రాక్టరు ఒకటి రోడ్డు వారగా ఆగి ఉంది. వాన లేదు, మంచు లేదు, ఎదురుగా వేరే బండి లేదు. బావ ఎప్పుడూ మెల్లగానే నడుపుతాడు. ఆ మెల్లగానే వెళ్లి ట్రాక్టరుకి తగిలించిన ట్రక్కు వెనక తలుపు అంచుకి తల కొట్టుకున్నాడు. హెల్మెట్ స్కూటరు డిక్కీలో దొరికింది.

నేను వెళ్లేసరికి ఆ ట్రాక్టరు డ్రైవరు ఆస్పత్రి వరండాలో గోడకి చేరబడి కూర్చున్నాడు. ఎవరు వచ్చినా అదే మాట చెబుతున్నాడు.

"నేరుగా వచ్చి గుద్దీసినారు బాబూ. బ్రేకెయ్యలేదు. పక్కకి తిప్పలేదు. నాను టైరు కాడే నిలబడి ఉన్నాను. ఆయనొచ్చీ తీరు సూస్తే అక్కడ ట్రాక్టరే లేదన్నట్టు వచ్చినారు."

తన మీదకి తప్పు రాకుండా కథ అల్లుతున్నాడనుకున్నాను. "కళ్లున్నవాడెవడైనా అంత ట్రాక్టరు చూడకుండా వస్తాడా?" అని అందరి ముందూ అన్నాను. అతను ఇంకొకరి వైపు తిరిగి మళ్లీ అదే మాట మొదలుపెట్టాడు. అతను చెప్పిన ప్రతి మాటా నిజమని పదహారు రోజుల తర్వాత తెలిసింది. ఆ తర్వాత రెండుసార్లు బావ వాళ్ల ఊరి వైపు వెళ్లాను అతని కోసం. దొరకలేదు.

బావ నీటిపారుదల శాఖలో సర్వేయరుగా చేసి రిటైరయ్యాడు. నేను ఒక కాలేజీలో లైబ్రేరియన్ని. మా రెండిళ్లూ విజయనగరంలో ఒకే వీధిలో అటు చివరా ఇటు చివరా. నాకు పెళ్లి కాలేదు. వాళ్లకి పిల్లల్లేరు. కాబట్టి సాయంత్రం ఏం చెయ్యాలన్న ప్రశ్న మా ఇద్దరికీ ఉండేది. నడిచి వెళ్లేంత దూరంలో ఒక పాత క్లబ్బు ఉంది. దాని మేడ మీద ఆకుపచ్చ గుడ్డ పరిచిన పెద్ద స్నూకర్ బల్ల ఉంది. బావ ఉద్యోగంలో ఉండగానే అక్కడ ఆడేవాడు. రిటైరయ్యాక నన్నూ లాక్కెళ్లాడు. పదకొండేళ్లు ఆడాం.

ఆట తెలియనివాళ్లకి ఒక్క ముక్క. చేతిలో కర్ర ఉంటుంది. కర్రతో తెల్లబంతిని కొట్టాలి. తెల్లబంతి వెళ్లి రంగుబంతిని కొట్టాలి. రంగుబంతి బల్ల అంచున ఉన్న జేబులో పడాలి. కర్ర తగిలేది ఒక బంతికి, పడాల్సింది ఇంకో బంతి. చిక్కంతా అక్కడే ఉంది.

మొదటి నెల నేను ఒక్క బంతీ వెయ్యలేకపోయాను. ఒకరోజు బావ నా కర్ర పట్టుకుని ఆపాడు.

"కొట్టీటప్పుడు ఏటి సూస్తన్నావు బావా?"

"తెల్లబంతిని. కర్ర తగిలేది దానికే కదా."

"పెళ్లిచూపులకెళ్లి గుమ్మం సూసొచ్చినట్టున్నాది నీ యవ్వారం. తెల్లబంతి నీ ముక్కు కిందే ఉన్నాది, యాడికీ పారిపోదు. అది ఎల్లి తగలవలిసింది సూడు."

"దీన్ని చూడకపోతే దీనికెలా తగులుతుంది?"

"వరి కోసీవోడు కొడవలి సూస్తాడేటి? మొక్క సూస్తాడు. కొడవలి సూసుకుంటా కోస్తే ఏలు తెగుతాది."

"నేనెప్పుడు వరి కోశాను బావా?"

"అందికే బంతి పడట్లేదు" అన్నాడు. బల్ల పక్కన నిలబడ్డ మార్కరు తల వంచుకుని నవ్వాడు.

మార్కరంటే లెక్క రాసేవాడు, ఆట తప్పొప్పులు చెప్పేవాడు, బల్ల చూసుకునేవాడు. డెబ్బై దాటిన మనిషి. చిన్నప్పట్నుంచీ ఆ మేడ మీదే పనిచేశాడు. మాటలు తక్కువ.

బావ నేర్పిన పద్ధతి ఇది. ముందు నిలబడే లైను చూసుకోవాలి. వంగాక కర్రని నాలుగైదుసార్లు ముందుకీ వెనక్కీ ఆడించాలి. ఆడిస్తున్నంతసేపూ చూపు తెల్లబంతికీ ఎదుటి బంతికీ మధ్య తిరగవచ్చు. చివరిసారి కర్ర వెనక్కి లాగి ఒక్క క్షణం ఆగుతాం. ఆ క్షణంలో చూపు ఎదుటి బంతి మీద, అదీ తెల్లబంతి వెళ్లి తగలాల్సిన చుక్క మీద, నిలవాలి. నిలిచాక కదలకూడదు. కర్ర వెళ్లిపోయాక కూడా తల ఎత్తకూడదు.

నేను ఊరుకోకుండా పుస్తకాలు తెప్పించి చదివాను. చాలామంది బావ చెప్పినదే చెప్పారు. తెల్లబంతి బల్ల అంచుకి మరీ ఆనుకుని ఉన్నప్పుడూ, ఆట మొదలుపెట్టే గట్టి దెబ్బప్పుడూ తెల్లబంతినే చూడటం మేలని కొందరు రాశారు. ఈ సంగతి చెబితే బావ, "ఆ బుక్కు బల్ల మీద పెట్టి దాన్నే కొట్టమను. పడతాదేమో సూద్దాం" అన్నాడు. ఆయన మాట వినే నేర్చుకున్నాను. రెండేళ్లకి ఫర్వాలేదనిపించుకున్నాను. ఆయనతో ఎప్పుడూ గెలవలేదు.

మూడేళ్ల కిందట, ఒక సాయంత్రం బావ స్నూకర్ ఇక ఆడనన్నాడు. "ఇరవై రెండు బంతులు. బల్ల కాదది, రాజాం సంత. మూడు బంతుల ఆట ఆడదాం" అన్నాడు. ఆ బల్ల మీదే ఆడే బిలియర్డ్స్ అన్న పాత ఆట ఒకటి ఉంది. తెలుపు, పసుపు, ఎరుపు, మూడే బంతులు. ఇప్పుడు దాన్ని ఆడేవాళ్లు తక్కువ. నాకు సంతోషం వేసింది. వయసు పెరిగేకొద్దీ మనిషికి తక్కువ చాలుతుందని చదివిన మాటకి సరిగ్గా ఉదాహరణ దొరికిందనుకున్నాను. కాలేజీలో ఒకరిద్దరికి చెప్పాను కూడా.

ఎరుపుకీ గోధుమరంగుకీ తేడా తెలియక ఆయన ఆ ఆట మానేశాడని నాకు తట్టలేదు. ఎందుకు తడుతుంది? మానేసే ముందు నెలలో రెండుసార్లు ఎర్రబంతి కొట్టాల్సిన చోట గోధుమరంగు బంతి కొట్టాడు. "ముసిలితనం బావా" అని నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆట పద్ధతి మారింది. పూర్వం చకచకా వంగి కొట్టేవాడు. ఇప్పుడు బంతి వెనక చాలాసేపు నిలబడేవాడు. తల ఒక పక్కకి కొంచెం తిప్పి, ఓరగా, బల్ల పొడవునా చూసేవాడు. సర్వేలో కర్రలు పాతించి లైను చూసేవాళ్లు అలాగే నిలబడతారు. ఉద్యోగం అలవాటు మళ్లీ పైకి వచ్చిందనుకున్నాను. లైను కుదిరాక వంగేవాడు. వంగాక ఆలస్యం లేదు. ఒక్క దెబ్బ.

మార్కరు కూడా మారాడు. ప్రతి దెబ్బ తర్వాతా బంతులు ఎక్కడ ఆగాయో పైకి చెప్పడం మొదలుపెట్టాడు. "ఎర్ర పై మూల కాడ. పసుపు మద్దె జేబుకి జానెడు ఇవతల." మొదట్లో నాకు చిరాకు వేసింది. కళ్ల ముందున్నది చెప్పడమెందుకు? ఒకరోజు అనేశాను, "తాతా, మాకూ కనిపిస్తున్నాయి" అని.

"సెప్పనీ బావా" అన్నాడు బావ. "ముసిలోడికి అదో సరదా."

ఇంట్లో అక్క పొద్దున్నే పేపరు పైకి చదవడం కూడా ఆ రోజుల్లోనే మొదలైంది. నేను కాఫీకి వెళ్లేసరికి బావ కుర్చీలో కళ్లు మూసుకుని వింటూ ఉండేవాడు. అక్క వంటింటి గుమ్మంలో పీట వేసుకుని చదివేది. నాకు చూడముచ్చటగా ఉండేది.

ఇంత మార్పు ఇన్ని చోట్ల కనిపించింది. ఒక్కోదానికీ ఒక్కో మంచి కారణం మా దగ్గర ఉంది.

అక్కకి నేను చెప్పనిది ఒకటుంది. ఒక్కసారి చూశాను.

వానాకాలం అది. తడిసిన చెప్పులు విప్పి బల్ల అవతలి చివర బెంచీ మీద కూర్చున్నాను. బావ నాకు ఎదురుగా, బల్ల ఇవతలి చివర వంగాడు. ఎర్రబంతి నా వైపు ఉంది. బావ దగ్గాడు. దగ్గు విని మొహం వైపు చూశాను. అదే క్షణంలో ఆయన కొట్టాడు. ఎదుటి బంతిని చూసేవాడి కళ్లు కనుబొమ్మల కింద నుంచి మన వైపే చూస్తున్నట్టుంటాయి. బావ కళ్లు అలా లేవు. రెప్పలు కిందకి దిగి ఉన్నాయి. ఆయన తెల్లబంతినే చూస్తున్నాడు. ఎర్రబంతి వెళ్లి జేబులో పడింది.

"బావా, నువ్వు తెల్లబంతిని చూసి కొట్టావు" అన్నాను.

బావ నిటారుగా నిలబడ్డాడు. బంతి మీద జారకుండా కర్ర కొసకి సుద్ద రాశాడు. తొందరపడలేదు.

"లైను నిలబడ్డప్పుడే సూసీవాల బావా. వంగాక సూసేదేటి ఉంటాది. నమ్మకమే."

ఆ మాట నాకు ఎంత నచ్చిందంటే, ఇంటికి వెళ్లి నోటుపుస్తకంలో రాసుకున్నాను. కింద గీత గీసి తేదీ వేశాను. ఆ పేజీ ఇప్పుడు నా ముందు ఉంది. ఫైలులోని మొదటి కాగితం తేదీకీ ఈ తేదీకీ మధ్య ఎనిమిది నెలలు. ఆయన నాకు ఏళ్లపాటు నేర్పినదానికి సరిగ్గా వ్యతిరేకంగా ఆయనే చేస్తూ ఉంటే, ఎందుకని రెండో ప్రశ్న అడగలేదు. మాట బాగుంది, రాసుకున్నాను.

ఆ రోజు తర్వాత మళ్లీ ఆయన కళ్ల వైపు చూడలేదు. బంతి కదిలితే కన్ను బంతి వెంట వెళ్తుంది. పడుతుందా పడదా అన్నదే చూస్తాం.

బావ నేత్రదానం కార్డు రాసిచ్చి ఉన్నాడు. ఆస్పత్రిలోనే ఇద్దరు మనుషులు వచ్చి, అక్క సంతకం తీసుకుని, కొన్ని ప్రశ్నలు అడిగారు. షుగరు ఉందా అన్నారు. ఉందంది అక్క. కళ్లకి ఏమైనా జబ్బు ఉండేదా అన్నారు. "ఏటీ లేదు. సత్వారం అద్దాలు, అంతే" అంది. నేను పక్కనే ఉన్నాను. నిజమేనన్నట్టు తల ఊపాను.

పదహారో రోజున ఏదో దరఖాస్తుకి గుర్తింపు కార్డు కావలసి అక్క బావ సర్వే సంచీ తెరిచింది. బావ రిటైరయ్యాక ఆ సంచీని మేమెవరం ముట్టలేదు. అందులో టేపు, కొన్ని మ్యాపులు, అడుగున ఈ ఫైలు. ఫైలు చదవగానే ఆమె ముందు అడిగింది నన్ను కాదు. నేత్రదానం వాళ్లకి ఫోన్ చేసింది. చూపు లేని కళ్లు ఎవరికో పెట్టించామేమోనని భయపడింది. నేను వెళ్లేసరికి అప్పుడే ఫోన్ పెట్టింది.

"ముందర పొర బాగున్నాదట" అంది నాతో. "అదొక్కటే తీస్తారట. ఇద్దరికి ఏసినారట. పాడయింది ఎనకాలట." అంతవరకూ గొంతు మామూలుగానే ఉంది. ఫైలు నా చేతికిచ్చింది. నేను రెండు పేజీలు చదివి, మూడోది తిప్పలేక ఆగిపోయాను. డ్రైవరు మాట గుర్తొచ్చింది. అక్కడ ట్రాక్టరే లేదన్నట్టు వచ్చినారు.

ఆయనకి సూటిగా చూసినచోట ఏమీ ఉండదు. ఆ రోడ్డు మీద ఆయన సూటిగా చూశాడు.

ఫైలు తిరిగి తీసుకుని అప్పుడే ఆ ప్రశ్న అడిగింది అక్క. బావా నేనూ కలిసి ఆమెకి తెలియకుండా దాచామని ఆమె అనుమానం. నేను తెలిసే ఊరుకున్నానని, తెలిసీ ఆయన్ని బండి ఎక్కనిచ్చానని. నాకున్నది ఆ ఒక్క అక్క. ఆమె నమ్మకపోతే, నేను చెప్పేదీ చెప్పనిదీ ఎవరికీ అక్కర్లేదు.

మర్నాడు పొద్దున్న క్లబ్బుకి వెళ్లాను. మేడ మీద ఎవరూ లేరు. మార్కరు బల్ల గుడ్డని కుంచెతో దువ్వుతున్నాడు, ఒకే వైపుకి, మెల్లగా. ఫైలు సంగతి చెప్పాను. అతను కుంచె ఆపలేదు.

"మీకు తెల్సనుకున్నాను బాబూ."

కుంచె మీద చెయ్యి వేసి ఆపాను.

"నీకెలా తెలిసింది?"

"మీరు బంతి సూస్తారు. ఆడీవోళ్లందరూ బంతే సూస్తారు. నాకు కర్ర సూడ్డమే పని. రెండుసార్లు తగిలిందా, కొట్టకుండా తోసీసినారా, అది సూసుకోవాల. కర్ర కొస కాడ నా కన్నుంటే దానెనకాలే కదా ఆయన మొకం. సూడకుండా ఎలగ?"

"ఆయన్ని అడిగావా?"

"అడిగినాను. నవ్వినారు. బంతి యాడాగిందో గట్టిగా సెప్పు సాలు, అన్నారు. సెప్పినాను. మూడేళ్లూ సెప్పినాను."

"మాకెందుకు చెప్పలేదు తాతా?"

"సెప్తే మీరు రానిస్తారేటి ఆయన్ని ఇక్కడికి?"

అతను కుంచె పక్కన పెట్టి నా వైపు తిరిగాడు.

"బండి మీద ఊరెల్తారని నాకు తెలీదు బాబూ. మీ ఇద్దరూ నడిసే వచ్చీవోరు. బండి సంగతి తెల్సుంటే మీ కాళ్లట్టుకుని సెప్పీవోడ్ని."

కళ్ల సంగతి తెలిసిన మనిషికి బండి సంగతి తెలియదు. బండి సంగతి తెలిసిన అక్కకీ నాకూ కళ్ల సంగతి తెలియదు. బావ కొలతల మనిషి. ఎవరికి ఎంత తెలియాలో అంతే తెలిసేలా చూసుకున్నాడు.

తర్వాత రోజూ అక్క ఇంటికి వెళ్లేవాడిని. తలుపు తీసేది. కాఫీ ఇచ్చేది. గ్లాసు బల్ల మీద పెట్టి లోపలికి వెళ్లిపోయేది. పేపరు వస్తూనే ఉంది. మడత విప్పకుండా కుర్చీ మీద పేరుకుపోయింది. చెప్పాలనుకునేవాడిని. వానాకాలం రోజు సంగతి, నోటుపుస్తకం సంగతి. "తెలీదక్కా" అన్నాక అది ఎలా మొదలుపెట్టాలో తెలిసేది కాదు. దానికి బదులు వేరే వాదన ఒకటి తయారుచేసుకున్నాను. ఎదురుగా నిలబడ్డవాడికి ఆడేవాడి కళ్లు కనిపించవు, బంతే కనిపిస్తుంది, ఎవరైనా అంతే. ఆ వాదన తప్పు కాదు. మార్కరు కూడా అదే అన్నాడు.

ఇరవయ్యో రోజు పొద్దున్న అక్కే మా ఇంటికి వచ్చింది. గుమ్మంలో నిలబడే అంది.

"ఆ బల్ల సూపించు నాకు."

పదకొండేళ్లలో ఆమె ఆ మేడ ఎక్కలేదు. ఎవరూ వద్దనలేదు, ఎప్పుడూ రమ్మనలేదు. పది గంటలప్పుడు వెళ్లాం. మార్కరు ఆమెని చూసి చేతులు కట్టుకుని పక్కకి నిలబడ్డాడు. ఆమె బల్ల చుట్టూ ఒకసారి నడిచింది. గుడ్డ మీద వేలు పెట్టి చూసింది.

"ఎక్కడ నిలబడీవోడు?"

చూపించాను.

"నువ్వో?"

ఆ చివర బెంచీ చూపించాను. ఆమె వెళ్లి బెంచీ మీద కూర్చుంది. "ఆయనెలగ కొట్టీవోడో అలగ కొట్టు" అంది.

తయారుచేసుకున్న వాదన అక్కడ పనికొస్తుందనిపించింది. మార్కరుని అడిగి ఎర్రబంతిని ఆమె వైపు పెట్టించాను. తెల్లబంతి నా ముందు. వంగాను. తెల్లబంతినే చూస్తూ కొట్టాను. ఎర్రబంతి జేబు అంచుకి కొట్టుకుని ఆగింది.

"కొట్టినప్పుడు నేను ఎక్కడ చూశానక్కా?"

ఆమె ఆలోచించింది. "తెలీదురా. నాను బంతి సూసినాను."

"అదే అక్కా. ఎవరైనా అంతే. బంతి కదిలేసరికి..."

"మళ్లీ కొట్టు."

మార్కరు బంతులు సర్దాడు. వంగాను. ఈసారి ఆమె ముందుకి వంగి, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, నా మొహం చూస్తోంది. కొట్టాను.

"రెప్ప దించీసినావు. తెల్లబంతి సూసినావు."

"అవును."

"మళ్లీ."

ఎర్రబంతిని చూసి కొట్టాను. "ఎర్రది" అంది. మళ్లీ కొట్టమంది. తెల్లది. మళ్లీ. చూపు మధ్యలో మార్చి చూశాను. "ముందు ఎర్రది సూసినావు, కొట్టీటప్పుడు దించీసినావు" అంది. ఏడుసార్లు కొట్టించింది. మొదటిసారి తప్ప ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. ఎన్నడూ ఆట చూడని మనిషి.

"సూస్తే కనిపిస్తాది" అంది.

కోపంగా అనలేదు. మార్కరు నేల చూస్తున్నాడు. నేను కర్ర బల్ల మీద పెట్టాను. ఇంక పట్టుకుని నిలబడటానికి ఏమీ లేదు. చెప్పాను.

"ఒకసారి చూశానక్కా. రెండేళ్ల పైన అయింది. తెల్లబంతిని చూస్తున్నావని అడిగాను కూడా."

"ఏటన్నాడు?"

ఆయన మాట ఆయన చెప్పినట్టే చెప్పాను. వంగాక సూసేదేటి ఉంటాది, నమ్మకమే. నోటుపుస్తకంలో రాసుకున్నానని చెప్పాను. గీత గీశానని కూడా చెప్పాను.

తిడుతుందనుకున్నాను. లేచి వెళ్లిపోతుందనుకున్నాను. ఆమె బెంచీ మీదే ఉంది. పమిట చెంగు వేలికి చుట్టి, విప్పి, మళ్లీ చుట్టింది.

"నానూ అడిగినాను" అంది.

నాకు అర్థం కాలేదు.

"పేపరు. పొయ్యి మీద పప్పున్నాది, నువ్వే సదూకో, అన్నాను ఒకనాడు. నీ గొంతుతో ఇంటే బాగుంటాది, అన్నాడు. ముప్పయ్యారేళ్లలో నాతో అలాటి మాట అదొక్కటే అన్నాడ్రా. పొయ్యి కట్టీసి వచ్చి కూకుని సదివినాను. మూడేళ్లూ సదివినాను."

ఆమె గొంతు ఎక్కడా పెరగలేదు. బస్సు టైము చెబుతున్నట్టు చెప్పింది. ఆ పీట, వంటింటి గుమ్మం, కళ్లు మూసుకున్న బావ నాకు కనిపించారు. ఆ మాట ఆమెకి ఈ ఇరవై రోజుల్లో ఏమై ఉంటుందో కూడా తెలిసింది. ఫైలు తెరిచిన రోజు నుంచీ ఆమె అడగాలనుకున్న ప్రశ్న ఆ మాట గురించేనేమో. నన్ను అడిగినది దీనికంటే తేలిక.

"ఆ మాటా నీకు సెప్పినలాటిదేనేటిరా?" అంది.

"తెలీదక్కా" అన్నాను.

ఈసారి ఆమె నా మొహంలోకి చూడలేదు. బల్ల మీద, అంచు పక్కన ఆగిపోయిన తెల్లబంతి వైపు చూసింది. మార్కరు వచ్చి బంతులు ఒక్కొక్కటే తీసి పెట్టెలో పెట్టాడు. బల్లకి దుప్పటి కప్పమంటారా అని అడిగాడు. అక్క తల ఊపింది. అతను ఒక్కడూ ఆ పెద్ద దుప్పటి పరవలేక తంటాలు పడుతుంటే లేచి వెళ్లి రెండో కొస పట్టుకుంది.

మెట్లు దిగాక, వీధిలో, కొంచెం దూరం నడిచాక అంది.

"రేపు పొద్దున్న రా. ఆ పేపర్లు సాలా ఉండిపోయినాయి. సదువుదువు గాని."